ఓడిపోవడం కుదరని ఆట

కిందటి వారం మనం వదినను కిటికీ పక్కన వదిలి వచ్చాం. చేతిలో టీ కప్పు, ఎదురుగా కంప్యూటరు, మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త వెలుగు. మరిదితో కలిసి ఏళ్ళ తరబడి తయారుచేసిన ‘గట్టు’ అనే ఆటకు, ముందుగా ఆడి చూడమని ఎవరికి పంపితే వాళ్ళందరి నుంచీ మెప్పు వచ్చింది. ఆ సాయంత్రమే పెద్ద హాల్లో జనం ముందు దాన్ని ఆడి చూపించాలి. నచ్చితే ఆటను బజారుకు తెచ్చే పని, ఆటల వ్యాపారం చేసే మేడమ్ చూసుకుంటుంది. నచ్చకపోతే కళ్ళజోళ్ళ షాపు పైనున్న ఆ రెండు అద్దె గదులకు తాళం పడుతుంది. అంతకుమించి వాళ్ళ దగ్గర ఓపిక మిగల్లేదు.

ఆవిడకు వేరే పేరుంది. కానీ మరిది పిలిచే పిలుపే నలుగురి నోటా నాని, కింద కళ్ళజోళ్ళాయన దగ్గర్నుంచి మేడమ్ దాకా అందరికీ ఆవిడ వదినే. భర్త ఓడ మీద ఇంజనీరు. నేల మీదకన్నా నీళ్ళ మీద ఎక్కువ కాలం గడిపే మనిషి. బహుశా అందుకే ఈవిడ నీళ్ళ గురించి ఆట కట్టింది.

గట్టులో నది పొంగుతుంటుంది, ఊరు మునుగుతుంటుంది. ఏ ఇంటి కప్పు మీద చిక్కుకున్నవాళ్ళ కోసం ఏ పడవను పంపాలో ఆడేవాళ్ళు తేల్చుకోవాలి. పడవ మీద వేలు పెట్టగానే దాని నెత్తిన ఒక అంకె వెలుగుతుంది. డెబ్భై అని వెలిగితే, ఆ పడవ నూటికి డెబ్భై పాళ్ళు గమ్యం చేరుతుందని అర్థం. మిగిలిన ముప్పై పాళ్ళు నదివి. ఈ అంకె దగ్గర వదినది ఉడుం పట్టు. ఆట మొదలు కాగానే తెర మీద కనిపించే వాక్యం కూడా ఆవిడ రాయించిందే: “ఇక్కడ కనిపించే అంకె మీకు అబద్ధం చెప్పదు.”

ఆవిడకో అలవాటుంది. ఏ కాపీ అయినా గది దాటేముందు దానితో కావాలని ఓడిపోయి చూస్తుంది. అన్నిటికన్నా తక్కువ అంకె ఉన్న పడవనే ప్రతిసారీ పంపుతుంది. గెలిచేవాళ్ళతో ఏ ఆటైనా మర్యాదగానే ఉంటుంది, ఓడేవాళ్ళతో ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటుంది. టీ చల్లారేలోపు ఊరు మునిగితే ఆట ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. ఆ గదిలో దీన్ని ‘ముంచుడు’ అంటారు. సాయంత్రం హాలుకు వెళ్ళాల్సింది బయటివాళ్ళు మెచ్చిన కాపీయే కాబట్టి, దాన్నే ముంచడానికి ముందు పెట్టుకుంది.

ఆ పొద్దున టీ చల్లారిపోయింది. ఊరు మునగలేదు.

మొదట అదృష్టమనుకుంది. కొత్తగా టీ పోసుకుని మళ్ళీ కూర్చుంది. ఇరవై అని ఉన్న పడవ గమ్యం తప్పింది. మళ్ళీ పంపితే మళ్ళీ తప్పింది. ఆ తర్వాత చేరింది. వేరే పడవను పంపింది. అదీ అంతే. వదిన వేళ్ళు నెమ్మదించాయి. రెండుసార్లు తప్పడం చూస్తోంది గానీ, వరసగా మూడోసారి తప్పడం మాత్రం ఎంత చూసినా కనిపించడం లేదు. రెండు తప్పాక పంపితే చాలు, పన్నెండని ఉన్న పడవ కూడా బస్సెక్కి వెళ్ళినట్టు నేరుగా వెళ్ళి చేరుతోంది.

ఆవిడ ఓడిపోవడానికి కూర్చుంది. ఆట ఆవిడను ఓడిపోనివ్వడం లేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర ఎప్పటిలాగే తల వంచుకుని మరిది లోపలికొచ్చాడు. తాడిలాంటి మనిషి. సాయంత్రం గురించి ఏదో హుషారుగా చెప్పబోయాడు. వదిన వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“మూడోసారి ఎందుకు తప్పడం లేదు?”

అతను భుజాన ఉన్న సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత గది మూలనున్న సోఫా వైపు చూశాడు. సోఫాలో వాళ్ళమ్మ, అంటే వదినకు అత్తగారు, శాలువా కప్పుకుని కళ్ళు మూసుకుని ఉంది. అతను గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు.

నాన్న పోయాక అమ్మను ఇంట్లో ఒంటరిగా ఉంచలేక రోజూ ఇక్కడికి తీసుకొస్తున్న సంగతి వదినకు తెలిసిందే. మొదట్లో ఆమె సోఫాలో కూర్చుని గోడను చూసేది. తర్వాత కొడుకు సోఫా ముందు పెట్టిన కంప్యూటర్లో పడవలను చూసింది. తర్వాత తానే ఆడింది. ఒకరోజు తొంభై అని వెలిగిన పడవ వరసగా తప్పేసరికి, “మోసం!” అని కేకపెట్టి, మౌసును బల్లకేసి కొట్టి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. అది కొడుకు చూశాడు. మర్నాడే ఆమె ఆడే కాపీలో చిన్న ఏర్పాటు చేశాడు. వరసగా రెండుసార్లు తప్పితే, పంపేది ఏ పడవైనా మూడోసారి తప్పదు. పైన అంకె మాత్రం మారదు. అమ్మ ఒక్కదాని కోసమే.

బయటివాళ్ళకు కాపీ పంపాల్సిన రోజున, వదిన ముంచుడు చేసి చూసిన కాపీ ఉన్న అతని కంప్యూటర్ మొరాయించింది. సోఫా ముందు ఉన్నదాంట్లో వాన బొమ్మలు కూడా కొత్తవే ఉన్నాయి కదా అని, అందులోంచి పంపేశాడు. ఏం పంపాడో మెప్పులు వచ్చి పడ్డాక గానీ తట్టలేదు. తట్టాక చెప్పడానికి నోరు రాలేదు.

వదిన గోడ వైపు చూసింది. వచ్చిన మెప్పుల్లో ఎక్కువమంది అన్న మాటను పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి అక్కడ అంటించింది తనే. “ఇంత న్యాయమైన ఆట మేమెప్పుడూ ఆడలేదు.” లేచి వెళ్ళి దాన్ని నాలుగు మూలలా నెమ్మదిగా ఊడదీసింది. గోడ సున్నం కూడా రాలకుండా ఊడింది. పెద్ద కష్టాల్లో ఇలాంటి చిన్న దయలు ఎవరూ గమనించరు.

“నన్ను తిట్టు వదినా, పడతాను. కానీ ఒక్కటి చెప్పు,” అన్నాడు మరిది. “తొంభై అంటే మనిషి మనసుకు నూరే. నిజమైన తొంభై ఇస్తే మోసమంటున్నారు. మోసం చేస్తే న్యాయమంటున్నారు. మనం ఎవరి కోసం నిజం చెప్పాలి?”

వదిన ఊడదీసిన కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. అది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదని ఆవిడకూ తెలుసు. అంకె చూపించడమే తప్పని వాదించేవాళ్ళు ఈ రంగంలో ఎంతోమంది ఉన్నారు. నిజమైన వరదలో పడవ నెత్తిన అంకె వెలగదు కదా, చీకట్లో అడుగు వేయడంలోనే ఆట ఉందంటారు వాళ్ళు. ఆ వాదన మీద ఆవిడకు గౌరవమే. అంకె లేని ఆట కట్టమంటే కట్టగలదు. కానీ అంకె చూపించి, దాని వెనక చెయ్యి పెట్టి తిప్పడం వేరు.

ఫోను తీసి మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగుతో తిరుగుతుందని వెనకాల గొడుగు మేడమ్ అంటారు. వీళ్ళను ఎవరూ నమ్మని రోజుల్లో నమ్మింది కూడా ఆమే. అంతా విని, చల్లగా రెండు దారులు చూపించింది. జనానికి నచ్చిన కాపీ అది, దాన్నలాగే ఉంచండి. మనసొప్పకపోతే అంకెలు పూర్తిగా తీసేయండి. నిజమైన అంకెలతో ఇదివరకు ఒక ఆటను బజారుకు తెచ్చి చేతులు కాల్చుకున్నాననీ, ఆడినవాళ్ళు అబద్ధాలకోరని తిట్టి పక్కన పడేశారనీ చెప్పింది. మూడో దారి పట్టుకుంటే మాత్రం తను ఈ ఆట మీద చెయ్యి తీసేస్తానంది. ఫోను పెట్టేసేముందు, భోంచేశావా అని కూడా అడిగింది.

“ఏమందిట?” అని సోఫాలోంచి గొంతు వినిపించింది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అత్తగారు కళ్ళు తెరిచి సూటిగా కొడుకునే చూస్తోంది. ఆవిడ సగం జీవితం బళ్ళో డ్రిల్లు టీచరుగా గడిచింది. ఈల ఊదితే మైదానం అవతలి గోడ దగ్గరి పిల్లలు కూడా బిగుసుకుపోయేవారట. పరుగు పందెంలో సొంత కొడుకు అర అడుగు వెనకబడితే, సమానంగా వచ్చాడని పక్క టీచరు అన్నా ఒప్పుకోని మనిషి.

మరిది దగ్గరికెళ్ళి నేల మీద కూర్చున్నాడు. నీకేం కాలేదమ్మా, పడుకో అన్నాడు. ఆ మాటతో ఆవిడ ఒంటికాలి మీద లేచింది. శాలువా తీసి పక్కన పడేసి, కిందటి నెల ఆ పెద్ద వరదలో ఊరంతటినీ కాపాడింది తనా, వాడా అని నిలదీసింది. అతను తల వంచుకున్నాడు. రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ పక్కింటావిడకు గొప్పలు చెప్పుకున్నదంతా వాడి దయేనా అని అడిగింది.

“నువ్వు ఏడ్చావమ్మా ఆ రోజు,” అన్నాడు చివరికి.

“ఏడ్చానా? ఒళ్ళు మండి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి రా. ఆయన పోయాక నాకు ఒళ్ళు మండిన మొదటి రోజది. అప్పటిదాకా కోపం రావడానికి కూడా ప్రాణం లేదు నాకు.” ఆవిడ ఊపిరి తీసుకుంది. “అందరూ నాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. కూర మాడ్చినా బాగుందంటారు. చెప్పిందే చెప్పినా ఊఁ కొడతారు. ఆ ఒక్క ఆటే నా మొహం చూసి జాలిపడలేదు. పోతే పో ముసలిదానా అంది. దానికోసమే రా నేను రోజూ నీ బండెక్కి వస్తున్నది. దాన్ని కూడా మెత్తబరిచావా?”

కింద షాపులో అద్దాలు అరగదీసే మిషను ఆగింది. అంతవరకూ అది తిరుగుతోందని కూడా వాళ్ళకు తెలీలేదు.

వదిన కూడా ఆ మెత్తగా మాట్లాడినవాళ్ళలో ఉంది. మాడిన కూర బాగుందన్నది తనే.

అత్తగారు మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది. తగ్గిన కొద్దీ అందులో పదును పెరిగింది. ఆస్పత్రిలో డాక్టరు కొడుకును పక్కకు పిలిచి, నాన్న బతికే వీలు ఎంతుందో చెప్పాడు. కొడుకు బయటికొచ్చి, తొంభై పాళ్ళు ఫర్లేదమ్మా, ఇంటికెళ్ళి స్నానం చేసి రా అన్నాడు. ఆవిడ నమ్మి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మంచం పక్కన కుర్చీ ఒక్కటే మిగిలింది. డాక్టరు చెప్పింది ముప్పై అని తర్వాత ఒక నర్సు ద్వారా తెలిసింది. ఆ నర్సు చివరిదాకా ఆయన చెయ్యి పట్టుకునే ఉందట. ఆ సంగతి కూడా ఆ నర్సే చెప్పింది.

అమ్మకు ఆ సంగతి తెలుసని మరిదికి అప్పటిదాకా తెలియదు.

“నిన్ను తప్పుపట్టడం లేదు నాన్నా. నీ ప్రాణం నామీద కొట్టుకుంది, నాకు తెలుసు. కానీ ముప్పై అని చెప్పుంటే నేను ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. ధైర్యం తెచ్చుకోడానికి కాదు రా అంకె అడిగేది. ఉండాలా వెళ్ళాలా తేల్చుకోడానికి.”

మరిది ప్రశ్నకు వదిన వెతుకుతున్న జవాబు ఆ సోఫా దగ్గరుంది. మనం ఎవరి కోసం నిజం చెప్పాలి? తేల్చుకోవాల్సినవాళ్ళ కోసం. వాళ్ళు మనల్ని తిట్టినా సరే. అంకె చూపిస్తే అది ఆడేవాడి చేతిలో పెట్టిన పనిముట్టు. చూపించకపోతే అది మరో ఆట. తప్పు అంకె చూపిస్తే మాత్రం, వాడి బదులు మనమే ఆడేసి, గెలిచింది వాడేనని భుజం తట్టినట్టు.

“తీసెయ్,” అంది వదిన. “ఇప్పుడే, నా ముందు.”

మేడమ్ వెళ్ళిపోతుందని మరిది గుర్తుచేశాడు. వెళ్తే గొడుగు పట్టుకుని గుమ్మం దాకా తనే సాగనంపుతానంది వదిన. తాళం పడుతుందన్నాడు. పడితే పడుతుంది, లోపల అబద్ధం పెట్టి మాత్రం తలుపు తెరిచి ఉంచనంది. అతను వదిన కంప్యూటర్ ముందు కూర్చుని, మూడోసారి తప్పని ఆ ఏర్పాటును ఊడబెరికాడు. వదిన వేడి టీ పోసుకుని ముంచుడుకు కూర్చుంది. టీ ఇంకా పొగలు కక్కుతుండగానే ఊరు మునిగింది. ఊరు మునిగినందుకు ముగ్గురు మనుషులు అంత హాయిగా నవ్వడం ఆ గదికి కొత్త.

సాయంత్రం టాక్సీలో ముందు సీట్లో అత్తగారు కూర్చుంది. హాల్లో ఆడి చూపించేది ఎవరని అడిగింది. నేనే కదా అత్తయ్యా అంది వదిన. నువ్వు కట్టినదాన్ని నువ్వే ఆడితే ఎవరు నమ్ముతారే, నేనాడతాను, నాకు బాకీ ఉంది ఆ నది, అంది ఆవిడ. వెనక సీట్లో మరిది ఒళ్ళో సంచీ పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ వచ్చాడు. ముసలావిడ మెట్లెక్కేదాకా డ్రైవరు వెనకాల హారన్లు మోగుతున్నా కదలకుండా బండి ఆపి ఉంచాడు.

హాలు నిండా జనం. ముందు వరసలో గొడుగు మేడమ్, గొడుగు మీద రెండు చేతులూ ఆనించి. ఏం తేల్చుకున్నావన్నట్టు చూసింది. వదిన స్టేజీ ఎక్కి, నమస్కారం కూడా మరిచిపోయి, మైకు పట్టుకుని చెప్పేసింది. మీలో కొందరు ఆడి న్యాయంగా ఉందన్న ఆట న్యాయమైంది కాదు. అందులో అంకె ఒకటి చెప్పేది, లోపల ఇంకోటి జరిగేది. తప్పు మాది. ఇప్పుడు మీరు చూసేది నిజమైన కాపీ. ఇది మిమ్మల్ని గెలిపించాలని చూడదు, ఓడించాలనీ చూడదు. తొంభై అంటే తొంభై. మిగతా పది నది తీసుకుంటే నన్ను తిట్టుకోండి, అంకెను మార్చమని మాత్రం అడగొద్దు.

హాల్లో గుసగుసలు లేచాయి. వెనకనుంచి ఎవరో, అయితే ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళను చేశారన్నమాట అన్నారు. అవునంది వదిన. అంత సూటిగా ఒప్పుకుంటే ఏమనాలో వాళ్ళకూ తోచలేదు. మేడమ్ లేచి నిలబడింది. కానీ అప్పటికే అత్తగారు చీర కొంగు బిగించి కుర్చీలో కూర్చుంది. డ్రిల్లు టీచరు కూర్చున్నాక నిలబడి ఉండటం ఎవరికైనా కష్టమే. మేడమ్ కూడా కూర్చుంది.

మరిది సంచీలోంచి కాపీ తీసి స్టేజీ మీది కంప్యూటర్లో పెట్టి పక్కకు తప్పుకున్నాడు. పెద్ద తెర మీద వాన మొదలైంది.

మొదటి పడవ మీద తొంభై మూడు వెలిగింది. ఆవిడ పంపింది. తప్పింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో పడవ, ఎనభై ఎనిమిది. అదీ తప్పింది. ఈసారి నవ్వులు గట్టిగానే వినిపించాయి. చూశావా అన్నట్టు మేడమ్ వదిన వైపు తల తిప్పింది. వదిన చెంపలు కాలిపోతున్నా చూపు దించుకోలేదు.

ఇక తెర మీద రెండు దారులు మిగిలాయి. గోదాములో ధాన్యం తెచ్చే పడవ మీద ఎనభై ఐదు. ఊరి చివర ఒక పెంకుటింటి కప్పు మీద ఒంటరిగా నిలబడిన మనిషి కోసం వెళ్ళే పడవ మీద ముప్పై.

“గోదాము, గోదాము,” అన్నారు జనం.

అత్తగారు మైకు దగ్గరికి జరుపుకుంది. “ముప్పై అని తెలిసే పంపుతున్నాను,” అంది. ఆ గొంతులో మైదానం అవతలి గోడ దాకా వినిపించే పాత బలం ఉంది. “పోతే నదిని తిడతాను. ఈ పిల్లను కాదు.”

వేలు నొక్కింది. పడవ కదిలింది.

వదిన గుండె నిండిపోయింది. ఆ క్షణాన్ని పంచుకోవాలని మరిది వైపు తిరిగింది. అతను తెర వైపు చూడటం లేదు. తల్లి వైపే చూస్తున్నాడు, ఆస్పత్రి వరండాలో ఎలా చూసి ఉంటాడో అలాగే. చేతిలో సంచీ నలిగిపోతోంది. పొద్దున ఊడబెరికిన ఏర్పాటు వదినకు గుర్తొచ్చింది. అది ఊడబెరికింది తన కంప్యూటర్లో. సోఫా ముందున్న కంప్యూటర్లో అది ఇంకా అలాగే ఉంది. టాక్సీ ఎక్కేముందు గదిలో చివరగా మిగిలింది అతనొక్కడే.

రెండుసార్లు తప్పింది. ఇది మూడోది.

“ఏ కాపీ పెట్టావు?” అంది వదిన, పెదాలు మాత్రమే కదిలేలా.

అతను తల్లి మీంచి చూపు తిప్పలేదు. తెర మీద పడవ వానను చీల్చుకుంటూ పెంకుటింటి వైపు వెళ్తోంది. కప్పు మీది మనిషి చెయ్యి ఊపుతున్నాడు. అత్తగారు ఊపిరి బిగబట్టి ముందుకు వంగింది. ఆ పడవ చేరాలని హాలంతా లేచి నిలబడింది. చేరకూడదని మొక్కుకుంటున్న మనిషి అక్కడ ఒక్కతే ఉంది. ఆ నదిని తయారుచేసింది కూడా ఆమే.